పెరోవ్‌స్కైట్ నానోకణాలు: కాగితం మీది లెక్కకూ బీకర్‌లోని మంటకూ మధ్య ఏం జరుగుతుంది?

సంక్షిప్తంగా

లోహ నైట్రేట్లను, గ్లైసిన్ లాంటి ఒక ఇంధనాన్ని నీళ్లలో కరిగించి వేడి చేస్తే, నీరు ఆవిరైపోయాక మిగిలిన జెల్ భగ్గుమని అంటుకుంటుంది. కొన్ని సెకన్లలో ఆక్సైడ్ పొడి మిగులుతుంది. దీన్నే ద్రావణ దహన సంశ్లేషణ అంటారు. ఫర్నేస్‌లో గంటల తరబడి కాల్చాల్సిన పెరోవ్‌స్కైట్ ఆక్సైడ్లు ఈ దారిలో నిమిషాల్లో చేతికొస్తాయి. ఇంధనం ఎంత వేయాలో చెప్పే సూత్రం చాలా తేలిక. కానీ పొడి నాణ్యత ఆ సూత్రంతో తేలదు. అంటుకోక ముందు జెల్ ఎంత ఏకరీతిగా ఏర్పడింది, మంట ఎంత వేడెక్కి ఎంతసేపు నిలిచింది అన్న రెండు విషయాలే దాన్ని తేలుస్తాయి.

ఏ పెరోవ్‌స్కైట్?

పెరోవ్‌స్కైట్ అన్న పేరు ఇప్పుడు ఎక్కువగా సోలార్ సెల్స్ వార్తల్లో వినిపిస్తోంది. అందువల్ల ఒక గందరగోళం కూడా మొదలైంది. సోలార్ సెల్స్‌లో వాడేవి సీసం, అయోడిన్ లాంటివి ఉండే హాలైడ్ పెరోవ్‌స్కైట్లు. 2009లో జపాన్‌లో త్సుతోము మియాసాకా బృందం వాటిని తొలిసారి సౌర ఘటంలో వాడి చూపింది. తేమకు, వేడికి అవి సులభంగా పాడవుతాయి. ఇక్కడి విషయం ఆక్సైడ్ పెరోవ్‌స్కైట్లది. ఇవి వెయ్యి డిగ్రీల వేడిని కూడా తట్టుకునే పింగాణీ జాతి పదార్థాలు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది స్ఫటికంలో అయాన్లు అమరే తీరు మాత్రమే. మూల ఖనిజం కాల్షియం టైటనేట్‌ను 1839లో ఉరల్ పర్వతాల నమూనాల్లో గుస్తావ్ రోజ్ గుర్తించి, రష్యన్ ఖనిజ నిపుణుడు లెవ్ పెరోవ్‌స్కీ పేరు పెట్టాడు.

ఈ అమరికను ‘ఏబీఓ3’ అని రాస్తారు. ‘ఏ’ స్థానంలో లాంథనం, బేరియం, స్ట్రాన్షియం లాంటి పెద్ద అయాన్ ఉంటుంది. ‘బీ’ స్థానంలో ఇనుము, మాంగనీస్, కోబాల్ట్, టైటానియం లాంటి చిన్న అయాన్ చుట్టూ ఆరు ఆక్సిజన్లు ఉంటాయి. ఏ రెండు లోహాలు ఈ ఇంట్లో ఇమడగలవో అంచనా వేయడానికి 1926లో విక్టర్ గోల్డ్‌ష్మిట్ ఒక నిష్పత్తిని ప్రతిపాదించాడు. అయాన్ల వ్యాసార్ధాలతో లెక్కించే ఈ సంఖ్య 1కి దగ్గరగా ఉంటే నిర్మాణం ఘనాకారంగా, తగ్గేకొద్దీ కాస్త మెలితిరిగినట్టుగా ఉంటుంది. లాంథనం, ఇనుము కలిసిన ఆక్సైడ్ అయిన లాంథనం ఫెర్రైట్‌కు అది దాదాపు 0.95. అందుకే అది నిలకడగా ఉంటుంది కానీ పూర్తి ఘనం కాదు.

ఈ నిర్మాణంలోని గొప్ప సౌలభ్యం ప్రత్యామ్నాయాలకు చోటివ్వడం. ఉదాహరణకు లాంథనం, మాంగనీస్‌ల ఆక్సైడ్ అయిన లాంథనం మాంగనైట్‌లో లాంథనంలో కొంత భాగాన్ని స్ట్రాన్షియంతో మార్చవచ్చు. అప్పుడు మాంగనీస్ వేలెన్సీ పెరుగుతుంది, లేదా ఆక్సిజన్ ఖాళీలు ఏర్పడతాయి. అలా మార్చిన లాంథనం మాంగనైట్ ఘన ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్స్‌లో కాథోడ్‌గా పనిచేస్తోంది. 2002లో జపాన్ పరిశోధకులు చూపిన ఒక కార్ల ఉత్ప్రేరకంలో, లాంథనం–ఇనుము–కోబాల్ట్ పెరోవ్‌స్కైట్‌లో ఇమిడిన పల్లాడియం ఎగ్జాస్ట్ వాయువుల స్వభావాన్ని బట్టి బయటికి వస్తూ, మళ్లీ లోపలికి పోతూ ఉంటుంది. దీనివల్ల పల్లాడియం కణాలు ముద్దకట్టి పనికిరాకుండా పోవడం తగ్గింది. ఉత్ప్రేరకమైనా ఎలక్ట్రోడ్ అయినా పని జరిగేది ఉపరితలం మీదే కాబట్టి కణం ఎంత చిన్నదైతే అంత లాభం. నానో సైజు కోసం తాపత్రయమంతా ఇందుకే.

గంటల కొద్దీ ఎందుకు కాల్చాలి?

పాత పద్ధతిలో లాంథనం ఆక్సైడ్‌ను, ఐరన్ ఆక్సైడ్‌ను నూరి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచుతారు. తీసి మళ్లీ నూరి మళ్లీ కాలుస్తారు. ఎంత నూరినా పొడి కణాలు మైక్రోమీటర్ల సైజులోనే ఉంటాయి. ఒక లోహపు అయాన్ పక్క కణంలోకి చేరాలంటే ఘన పదార్థంలోంచి అంత దూరం నడవాలి. వ్యాపనానికి పట్టే సమయం దూరానికి వర్గంగా పెరుగుతుంది. దూరం వెయ్యి రెట్లు తగ్గితే సమయం పది లక్షల రెట్లు తగ్గుతుంది. కాబట్టి రెండు లోహాలను ముందే నానోమీటర్ల దూరంలో పక్కపక్కన కూర్చోబెట్టగలిగితే అంత వేడీ, అంతసేపూ అక్కర్లేదు.

నీళ్లలో కరిగిన నైట్రేట్లలో అయాన్లు ఎలాగూ కలిసే ఉంటాయి. చిక్కంతా నీరు పోయేటప్పుడు వస్తుంది. తక్కువ కరిగే లవణం ముందుగా స్ఫటికమై అడుగున చేరుతుంది, మిగతాది పైన ఉండిపోతుంది. కలిసిన రెండు లోహాలూ మళ్లీ విడిపోతాయి. దహన పద్ధతిలో ఇంధనానికి మొదటి పని మండటం కాదు, ఈ విడిపోవడాన్ని ఆపడం. గ్లైసిన్ అణువుకు ఒక కొసన కార్బాక్సిలిక్ సమూహం, మరో కొసన అమీన్ సమూహం ఉంటాయి. వేర్వేరు స్వభావాలున్న లోహ అయాన్లను అది పట్టి ఉంచగలదు. నీరు తగ్గేకొద్దీ ద్రావణం స్ఫటికం కట్టకుండా తేనెలా చిక్కబడి జెల్ అవుతుంది. సిట్రిక్ ఆమ్లం మూడు కార్బాక్సిలిక్ సమూహాలతో ఇదే పనిని ఇంకా గట్టిగా చేస్తుంది.

బెంగళూరులో పుట్టిన దారి

పొడుల మిశ్రమానికి ఒక చివర నిప్పంటిస్తే, మంట దానంతటదే పాకుతూ పదార్థాన్ని తయారుచేస్తుందని 1967లో సోవియట్ యూనియన్‌లోని చెర్నోగొలోవ్‌కాలో అలెగ్జాండర్ మెర్జానోవ్ బృందం చూపింది. అక్కడ వాడినవి ఘన పొడులు. వేడి చాలా ఎక్కువ, కణాలు ముతక. ద్రావణంతో మొదలుపెట్టే పద్ధతి 1988లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి వచ్చింది. కింగ్స్‌లీ, కె.సి. పాటిల్ అల్యూమినియం నైట్రేట్, యూరియాల ద్రావణాన్ని 500 డిగ్రీల మఫుల్ ఫర్నేస్‌లో పెట్టారు. అది మరిగి, నురగలా పొంగి, అంటుకుని, ఐదు నిమిషాల్లో తెల్లటి ఆల్ఫా అల్యూమినాగా (అల్యూమినియం ఆక్సైడ్ నిలకడైన రూపం) మారింది. ఆల్ఫా రూపం రావాలంటే మామూలుగా వెయ్యి డిగ్రీలు దాటాలి. ఫర్నేస్ ఇవ్వని ఆ వేడిని మిశ్రమమే సమకూర్చుకుంది.

ఇంధనం ఎంత వేయాలన్న సూత్రం మాత్రం అంతకు ముందే, 1981లో, అదే సంస్థకు చెందిన జైన్, ఆదిగ, పాయ్ వెర్ణేకర్‌ల నుంచి వచ్చింది. వారు ఆలోచించింది నానోకణాల గురించి కాదు, ఇంధనం, దాన్ని మండించే ఆక్సీకరణి కలిసిన మిశ్రమాల గురించి. అంటే రాకెట్లను నడిపే ప్రొపెల్లెంట్ల రసాయనం. ఆ వారసత్వం గుర్తుంటే ఈ పద్ధతిలోని ప్రమాదాలు కూడా అర్థమవుతాయి. 1990లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాల వారు గ్లైసిన్–నైట్రేట్ పద్ధతితో పెరోవ్‌స్కైట్ క్రోమైట్, మాంగనైట్ పొడులు చేశాక ఇది ఫ్యూయల్ సెల్ పరిశోధనలో స్థిరపడింది.

పది గ్రాముల లాంథనం ఫెర్రైట్: లెక్క ఎలా?

సూత్రం ఇది: ప్రతి మూలకానికీ దాని వేలెన్సీ వేసి కూడాలి. కార్బన్‌కు +4, హైడ్రోజన్‌కు +1, ఆక్సిజన్‌కు −2, లోహానికి దాని వేలెన్సీ. నైట్రోజన్ వాయువుగా పోతుంది కనుక దానికి సున్నా. ఇంధనాల మొత్తమూ ఆక్సీకరణుల మొత్తమూ కలిపితే సున్నా రావాలి.

లాంథనం నైట్రేట్‌లో లోహానికి +3, తొమ్మిది ఆక్సిజన్లకు −18. మొత్తం −15. ఫెర్రిక్ నైట్రేట్‌కూ −15. రెండూ కలిపి −30. గ్లైసిన్‌కు రెండు కార్బన్లు +8, ఐదు హైడ్రోజన్లు +5, రెండు ఆక్సిజన్లు −4. మొత్తం +9. అంటే ఒక మోల్ లాంథనం ఫెర్రైట్‌కు 30ని 9తో భాగించగా వచ్చే 3.33 మోల్స్ గ్లైసిన్ కావాలి. యూరియాకు +6 కనుక 5 మోల్స్. సిట్రిక్ ఆమ్లానికి +18 కనుక 1.67 మోల్స్. లవణాల్లో ఉండే స్ఫటిక జలానికి విలువ సున్నానే, దాన్ని లెక్కలో కలపనక్కర్లేదు.

తూకంలోకి మారిస్తే, 10 గ్రాముల లాంథనం ఫెర్రైట్‌కు 17.84 గ్రాముల లాంథనం నైట్రేట్ హెక్సాహైడ్రేట్, 16.64 గ్రాముల ఫెర్రిక్ నైట్రేట్ నానాహైడ్రేట్, 10.31 గ్రాముల గ్లైసిన్ తీసుకోవాలి. దాదాపు 45 గ్రాముల ముడిసరుకుకు 10 గ్రాముల పొడి. మిగతాదంతా గాలిలోకే.

తప్పు దొర్లేది ఎక్కువగా భాగహారంలో కాదు, సీసాలో. ఈ నైట్రేట్లు గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటాయి. పాత సీసాలోని లాంథనం నైట్రేట్ బరువులో 3 శాతం అదనపు నీరుంటే, తూచిన దాంట్లో లాంథనం 3 శాతం తక్కువపడుతుంది. మిగిలిపోయిన ఇనుము ఐరన్ ఆక్సైడ్‌గా పొడిలో చేరుతుంది. అది కూడా ఒక ఉత్ప్రేరకమే కాబట్టి, తర్వాతి పరీక్షల్లో వచ్చిన ఫలితం పెరోవ్‌స్కైట్‌దో దానిదో తేలదు. లవణంలో కొద్ది భాగాన్ని ముందుగా ఆక్సైడ్ అయ్యేదాకా కాల్చి, అసలు లోహం ఎంతుందో తూచి చూసుకోవడం దీనికి పాతదైనా నమ్మకమైన ఉపాయం.

మరో చిక్కు: సిట్రిక్ ఆమ్లం వాడేటప్పుడు ద్రావణం పీహెచ్ సరిచేయడానికి అమ్మోనియా పోస్తారు. ద్రావణంలో నైట్రేట్లు ఉన్నాయి కనుక అమ్మోనియం నైట్రేట్ ఏర్పడుతుంది. అది కూడా −2 విలువ ఉన్న ఆక్సీకరణే. ఈ అమ్మోనియాను లెక్కలోకి తీసుకోకుండా ‘సిట్రేట్, నైట్రేట్ నిష్పత్తి ఇంత’ అని రాసిన ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేస్తే అదే మంట రాదు.

పరిశోధన పత్రాలు చదివేవారిని తికమకపెట్టే మరో సంగతి ‘ఫై’ అనే నిష్పత్తి. కొందరు ఇంధనాన్ని ఆక్సీకరణితో భాగిస్తారు, కొందరు తిరగేసి భాగిస్తారు. ఒకరి 1.2 అంటే ఇంధనం ఎక్కువ, మరొకరి 1.2 అంటే ఇంధనం తక్కువ. రెండు పత్రాల ఫలితాలు ఎదురెదురుగా కనిపిస్తే ముందు ఈ నిర్వచనం చూడటం మంచిది. మోల్ నిష్పత్తిని నేరుగా రాస్తే ఈ గొడవే ఉండదు.

ఇంధనం మారితే మంట ఎందుకు మారుతుంది?

గ్లైసిన్‌తో గుప్పున మంట వస్తుందని, సిట్రిక్ ఆమ్లంతో నిప్పు కణికలా పాకుతూ కాలుతుందని చేసేవాళ్లందరికీ తెలుసు. దీనికి తరచూ ఇచ్చే వివరణ ‘గ్లైసిన్‌లో శక్తి ఎక్కువ’ అని. అంకెలు ఆ మాటను సమర్థించవు.

ఒక మోల్ దహనానికి గ్లైసిన్ దాదాపు 973 కిలోజౌళ్లు, యూరియా 632, సిట్రిక్ ఆమ్లం 1960 విడుదల చేస్తాయి. వీటిని ఆయా వేలెన్సీ మొత్తాలతో భాగిస్తే 108, 105, 109 వస్తాయి. దాదాపు ఒకటే. ఇది కాకతాళీయం కాదు. సేంద్రియ పదార్థాలు మండేటప్పుడు, వాడుకున్న ఆక్సిజన్ లెక్కన వచ్చే వేడి దాదాపు సమానంగా ఉంటుందని 1917లోనే థార్న్‌టన్ గమనించాడు. వేలెన్సీ లెక్క కొలిచేది కూడా అసలు ఆక్సిజన్ అవసరాన్నే. కాబట్టి సరిపోయినంత ఇంధనం వేసినప్పుడు ఏది వాడినా ఇంచుమించు అంతే వేడి. వాయువుల లెక్కా అంతే. ఒక మోల్ లాంథనం ఫెర్రైట్‌కు గ్లైసిన్‌తోనూ సిట్రిక్ ఆమ్లంతోనూ 19.67 మోల్స్ వాయువులే వస్తాయి. యూరియాతో 23. హైడ్రజీన్ జాతి ఇంధనాలు మాత్రం దీనికి మినహాయింపు. కార్బోహైడ్రజైడ్ లాంటి వాటిలో నైట్రోజన్–నైట్రోజన్ బంధం ఉంటుంది కనుక వేడి నిజంగానే ఎక్కువ. వాటి విషస్వభావం కూడా ఎక్కువే.

మరి తేడా ఎక్కడిది? వేగంలో ఉంది. గ్లైసిన్ జెల్‌లో నైట్రేట్, అమీన్ సమూహం పక్కపక్కన ఉంటాయి. నైట్రేట్ విడిపోతూ ఇచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లతో అమీన్ వెంటనే చర్య జరుపుతుంది. సుమారు 200 డిగ్రీల పరిసరాల్లో ఒక్క ఉదుటున వేడంతా విడుదలవుతుంది. సిట్రేట్ జెల్ మాత్రం దశలవారీగా విచ్ఛిన్నమవుతుంది. మధ్యలో కొంత కార్బన్ మిగిలి, బయటి గాలిలోని ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తుంది. వేడి మొత్తం అంతే అయినా నిమిషాల మీద పంచుకుని వస్తే మధ్యలోనే గోడల్లోంచి, గాలిలోకి పోతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత తగ్గుతుంది. యూరియా కథ వేరు. అది 133 డిగ్రీలకే కరిగి, కొంత అమ్మోనియాగా ముందే వెళ్లిపోతుంది. మెల్లగా వేడి చేస్తే మంట నీరసంగా ఉంటుంది, 500 డిగ్రీల ఫర్నేస్‌లో ఒక్కసారిగా పెడితే చురుగ్గా మండుతుంది. ఒకే మిశ్రమానికి రెండు ప్రయోగశాలల్లో రెండు రకాల పొడులు రావడానికి హాట్ ప్లేట్, ఫర్నేస్ మధ్య ఉన్న ఈ తేడా ఒక్కటి చాలు.

కణం చిన్నగా ఎందుకు ఉంటుంది?

వేడి కణాలను పెంచుతుంది, అతికిస్తుంది. వెయ్యి డిగ్రీలు దాటే మంటలో నానోకణాలు బతికి బట్టకట్టడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది సమయం. గరిష్ఠ వేడి కొన్ని సెకన్లే ఉంటుంది. అయాన్లు అప్పటికే పక్కపక్కన ఉన్నాయి కనుక స్ఫటికం ఏర్పడటానికి అది చాలు, పెరగడానికి చాలదు. రెండోది వాయువు. పైన చెప్పిన 10 గ్రాముల పొడి అసలు ఘన పరిమాణం ఒకటిన్నర ఘన సెంటీమీటర్లు. అది తయారయ్యేటప్పుడు పుట్టే వాయువులు 1000 డిగ్రీల దగ్గర దాదాపు 85 లీటర్లు. ఆ ఒరవడి జెల్‌ను చీల్చి కణాలను దూరం చేస్తుంది, పోతూ పోతూ వేడినీ తీసుకుపోతుంది. చివరికి బీకర్‌లో మిగిలేది చేత్తో తాకితే పొడిపొడిగా రాలిపోయే నురగ. కొంత భాగం వాయువులతో పాటు ఎగిరి, పొగను లాగేసే హుడ్ గోడలకు అంటుకోవడం మామూలే. అందుకే పెద్ద బీకర్, పైన సన్నటి జల్లెడ వాడతారు.

ఇంధనాన్ని పెంచడం, తగ్గించడం ఈ రెండు కారణాల మీదే పనిచేస్తుంది. సరిపోయే పాళ్లకు దగ్గర్లో మంట తీవ్రంగా ఉంటుంది. స్ఫటికాలు బాగా ఏర్పడతాయి, కాస్త పెద్దవీ అవుతాయి. ఇంధనం తగ్గిస్తే ఉష్ణోగ్రత తగ్గి కణాలు చిన్నవవుతాయి, కానీ పెరోవ్‌స్కైట్ పూర్తిగా ఏర్పడకపోవచ్చు. ఇంధనం ఎక్కువైతే వాయువులు పెరుగుతాయి, కానీ కార్బన్ మిగులుతుంది. పొడి నల్లగా కనిపిస్తుంది. అప్పుడు 600–700 డిగ్రీల దగ్గర క్యాల్సినేషన్, అంటే ఫర్నేస్‌లో మళ్లీ కాల్చడం తప్పదు, దాంతో కణాలు పెరుగుతాయి. పైగా అదనపు ఇంధనం చుట్టూ ఆక్సిజన్ కొరతను సృష్టిస్తుంది. ఇనుము, క్రోమియం ఉన్నవాటికి పెద్ద నష్టం లేదు. నికెల్, కోబాల్ట్, రాగి అయితే లోహంగా దిగజారిపోగలవు. లాంథనం నికెలేట్ ఇంకా సున్నితం. అందులో నికెల్ +3 స్థితిలో నిలవాలి, వేడి మితిమీరితే నికెల్ ఆక్సైడ్‌గా, వేరే లాంథనం నికెలేట్‌గా విడిపోతుంది. అందుకే ‘ఇంత ఇంధనం ఉత్తమం’ అని ఒక పదార్థంలో తేలినదాన్ని మరో పదార్థానికి అరువు తెచ్చుకోవడం సరికాదు.

కణాలను విడదీయడానికి మరో ఉపాయం సోడియం క్లోరైడ్ లేదా పొటాషియం క్లోరైడ్ కలపడం. మంటలో ఆ ఉప్పు కణాల మధ్య పొరలా చేరి అవి అతుక్కోకుండా చూస్తుంది, తర్వాత నీళ్లతో కడిగేస్తారు. ఉపరితల వైశాల్యం బాగా పెరుగుతుంది. అయితే కడగడం సరిగా లేకపోతే మిగిలే క్లోరైడ్ ఉత్ప్రేరకానికి విషంగా మారవచ్చు.

27 నానోమీటర్లు అంటే ఏమిటి?

చాలా పత్రాల్లో కణం సైజు ఎక్స్‌-రే డిఫ్రాక్షన్ శిఖరం వెడల్పు నుంచి వస్తుంది. రాగి ఎక్స్‌-కిరణాలతో లాంథనం ఫెర్రైట్ ప్రధాన శిఖరం 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని వెడల్పు 0.3 డిగ్రీలైతే షెరర్ సూత్రం ప్రకారం సుమారు 27 నానోమీటర్లు. ఈ సంఖ్య స్ఫటిక ఖండానిది, కణానిది కాదు. అలాంటి ఎన్నో ఖండాలు మెడలు కలిసి ఒక ముద్దగా ఉండవచ్చు. పరికరం వల్ల వచ్చే వెడల్పును తీసేయకపోతే సంఖ్య ఇంకా చిన్నదిగా, ఆకర్షణీయంగా కనిపిస్తుంది.

సరిచూడటానికి ఉపరితల వైశాల్యం పనికొస్తుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.6 గ్రాములు ఉన్న ఈ పొడికి గ్రాముకు 20 చదరపు మీటర్లు వస్తే, గోళాకారం అనుకుని లెక్కించిన వ్యాసం 45 నానోమీటర్లు. ఎక్స్‌-రే 27 అంటోంది, ఉపరితలం 45 అంటోంది. రెండూ నిజమే. ఆ తేడా ఖండాలు ఎంత అతుక్కున్నాయో చెబుతోంది. దహన పొడుల్లో ఈ అతుకు తప్పదు. వాటిని విడివిడి నానోకణాలు అనడం కంటే నానో ఖండాలతో అల్లిన గుల్ల నురగ అనడం నిజానికి దగ్గర. ఉత్ప్రేరకానికి ఈ గుల్లతనం మేలే. ద్రవంలో సమంగా చెదిరి ఉండాల్సిన సిరాకో, పూతకో ఇదే పెద్ద తలనొప్పి.

అన్నిటికీ లొంగదు

లాంథనం పెరోవ్‌స్కైట్లతో సాఫీగా సాగే పద్ధతి బేరియం, స్ట్రాన్షియం దగ్గర తడబడుతుంది. బేరియం నైట్రేట్ గది ఉష్ణోగ్రతలో 100 మిల్లీలీటర్ల నీటికి 10 గ్రాముల లోపే కరుగుతుంది. నీరు తగ్గుతుంటే అందరికంటే ముందే స్ఫటికం కడుతుంది. మంటలో పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ను బేరియం, స్ట్రాన్షియం పట్టుకుని కార్బొనేట్లు అవుతాయి. ఇవి అంత సులభంగా విడిపోవు. టైటానియంతో మరో ఇబ్బంది. దాని మామూలు సమ్మేళనాలు నీళ్లలో పడగానే జలవిశ్లేషణ చెంది తెల్లటి అవక్షేపం అవుతాయి. తాజాగా అవక్షేపించిన ఆర్ద్ర టైటానియాను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి టైటనైల్ నైట్రేట్ చేసుకోవాలి. అదీ ఎక్కువ రోజులు నిలవదు. కెపాసిటర్లకు కావలసిన బేరియం టైటనేట్ విషయంలో హైడ్రోథర్మల్ పద్ధతికే మొగ్గు ఉండటంలో ఆశ్చర్యం లేదు. అక్కడ 100–250 డిగ్రీల నీటిలోనే విడివిడిగా ఉండే కణాలు నేరుగా వస్తాయి.

ఇతర పద్ధతులతో పోల్చితే బొమ్మ ఇలా ఉంటుంది. రెండు లోహాలనూ ద్రావణంలోంచి ఒకేసారి అవక్షేపంగా దించే సహ అవక్షేపణ చవక. కానీ రెండు లోహాలూ ఒకే పీహెచ్ దగ్గర పడవు, కడిగేటప్పుడు కొంత పోతుంది. 1967లో పెచీని పేటెంట్ చేసిన సిట్రిక్ ఆమ్లం–ఎథిలీన్ గ్లైకాల్ రెజిన్ పద్ధతి సమ్మేళనంలో ఏకరీతి బాగా ఇస్తుంది. కానీ రెజిన్‌ను కాల్చేయడానికి గంటలు పడుతుంది. దహన పద్ధతి బలమంతా సంక్లిష్ట మిశ్రమాల్లో ఉంది. నాలుగైదు లోహాలను కచ్చితమైన పాళ్లలో పెట్టాలంటే కడగడం, వడపోయడం లేని ఈ దారిలో వేసినవన్నీ పొడిలోనే ఉంటాయి. కొత్త మిశ్రమాలను వరసగా చేసి చూసే పరిశోధకులు దీన్ని వదలకపోవడానికి అసలు కారణం నానో సైజు కాదు, ఇదే.

పెద్ద పాళ్లలో, పొగతో

సమీకరణం ప్రకారం బయటికి పోయేవి నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. హుడ్ కింద కనిపించే ఎర్ర గోధుమరంగు పొగ మాత్రం నైట్రోజన్ డయాక్సైడ్. నైట్రేట్‌లో కొంత భాగం ఇంధనంతో కలవకముందే విడిపోతుందని అది చెబుతోంది. కాబట్టి ‘తక్కువ శక్తితో, కాలుష్యం లేకుండా’ అన్న పొగడ్తలో మొదటి సగమే ధైర్యంగా అనదగినది. ఫర్నేస్ కరెంటు తగ్గుతుంది, వాయువులను శుద్ధి చేసే ఏర్పాటు మాత్రం అదనంగా కావాలి.

పరిమాణం పెంచితే మరో సమస్య ఎదురవుతుంది. మిశ్రమం ఘనపరిమాణం పెరిగినంతగా దాని ఉపరితలం పెరగదు. పది గ్రాముల జెల్ సెకన్లలో చల్లబడుతుంది. కిలో జెల్ వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత పెరుగుతుంది, అది నిలిచే సమయమూ పెరుగుతుంది, కణాలు ముతకబారతాయి. పేలుడు ప్రమాదం సంగతి సరేసరి. నైట్రేట్, సేంద్రియ ఇంధనం కలిసిన జెల్ అంటే ప్రొపెల్లెంట్‌కు దగ్గరి చుట్టమే. మంటను పెంచడానికి అమ్మోనియం నైట్రేట్ చేర్చినప్పుడైతే మరీను. ఇరుకు మూతి పాత్రలో, ఎక్కువ పాళ్లలో దీన్ని ఎండబెట్టడం ఎవరూ చేయకూడని పని.

అందువల్ల పెద్ద పాత్ర వైపు కాకుండా, చిన్న మంటను ఆగకుండా నడిపే వైపు ప్రయత్నాలు సాగుతున్నాయి. ఒక దారిలో ద్రావణాన్ని సెల్యులోజ్ కాగితంలాంటి పలుచటి పట్టీలో ఇంకించి ఒక చివర నిప్పంటిస్తారు. మంట పట్టీ వెంట పాకుతుంది, పలుచగా ఉండటం వల్ల వెనువెంటనే చల్లబడుతుంది. మరో దారి ఫ్లేమ్ స్ప్రే. ద్రావణాన్ని సన్నటి తుంపరగా మంటలోకి చిమ్మితే ప్రతి బిందువూ విడిగా మండుతుంది. పరిశ్రమ స్థాయిలో ఆక్సైడ్ నానోపొడులకు ఈ రెండోదే ఎక్కువ అనువు. కానీ అందులో జెల్ దశ ఉండదు. లోహాలను పట్టి ఉంచే పనిని అప్పుడు ఇంధనం కాకుండా బిందువు సైజు, అది ఆవిరయ్యే వేగం చేయాల్సి ఉంటుంది. బీకర్‌లో గ్లైసిన్‌తో కుదిరిన పాళ్లను తీసుకెళ్లి అక్కడ పోస్తే అదే పొడి రాదు.